ఐదో బోనం

మందుల షాపులో పద్నాలుగేళ్ళు నిలబడితే నాకు రెండు మిగిలాయి. ఒకటి పిక్కల్లో ఉబ్బిన నరాలు, రెండోది డాక్టర్ల రాత చదివే విద్య. కోడి కెలికినట్టు రాసినా సరే, చీటీ ఇట్లా చూసి అట్లా మందు తీసి కౌంటర్ మీద పెడతాను. అమీర్‌పేటలో మా షాపుకొచ్చే ముసలివాళ్ళు 'పింకీ లేదా' అని అడిగి, నేను అన్నం తిని వచ్చేదాకా మెట్ల మీద కూర్చుంటారు. నలభై రెండేళ్ళ మనిషిని పింకీ అంటారేమిటని కొత్తవాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. ఆ విద్య ఉందని నాకు బాగా పొగరు ఉండేది. ఇప్పుడు లేదు.

ఎందుకు లేదో చెప్పాలంటే మా తోటికోడలు బుచ్చమ్మ సంగతి చెప్పాలి.

నేను అక్క అంటాను. పందొమ్మిదేళ్ళప్పుడు బల్కంపేటలో ఆ ఇంట్లో కాలు పెట్టాను. అన్నం గంజి ఎప్పుడు వార్చాలో కూడా తెలియని నన్ను తిట్టి, తినిపించి మనిషిని చేసింది అక్కే. కింద వాటాలో వాళ్ళు, పైన మేము. అక్క అమీర్‌పేటలో ఒక లేడీస్ హాస్టల్లో వంట చేసేది. డెబ్బై మంది ఆడపిల్లలకు పొద్దున ఉప్మా, రాత్రికి చారు. సాయిలు బావ పంజాగుట్టలో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్. ఒక్కతే కూతురు, రవళి. సాఫ్ట్‌వేర్ కోచింగ్ ఇచ్చే ఇన్‌స్టిట్యూట్‌లో రిసెప్షన్‌లో కూర్చుంటుంది.

ఆరేళ్ళ కింద, నలభై తొమ్మిదేళ్ళకు, అక్కకు పెద్దపేగులో క్యాన్సర్ బయటపడింది. పంజాగుట్టలోనే ఒక ఆస్పత్రిలో పేగు ముక్క కోసి తీసేశారు. "జానెడు పోయింది, ఇంక మూరలకు మూరలున్నది, నాకేం ఫికర్ లేదు," అని నవ్వించేది చూడ్డానికొచ్చినవాళ్ళను. కానీ థియేటర్‌లోకి తీసుకుపోయే ముందు నా చెయ్యి పట్టుకుని మొక్కింది. బతికి బయటపడితే ఎల్లమ్మకు అయిదేళ్ళు, అయిదు బోనాలు.

బోనం ఒంటి చేత్తో ఎత్తుకునేది కాదు. కుండ నిండా అన్నం, పైన గురిగి అనే చిన్న ముంత, దాని మీద దీపం. ఎవరో ఒకరు ఎత్తి నెత్తిన పెట్టాలి. నాలుగేళ్ళు ఆ పని నాదే. పెట్టాక వేపమండలు సర్ది, ఆమె మెడ నిటారుగా నిలిచిందా లేదా చూసి చేతులు వదిలేదాన్ని.

ఆరునెలలకోసారి రక్తపరీక్షలు, ఏడాదికోసారి స్కానింగ్. ఆస్పత్రి నుంచి రాగానే ఆ నీలం ఫైలు నా ఒళ్ళో పడేది. ఇంట్లో ఆస్పత్రి కాగితాలు చదివేది నేనే కదా. మందుల పేర్లు చూసి, తెచ్చి, పొద్దుటివి ఒక డబ్బాలో, రాత్రివి ఒక డబ్బాలో వేసి ఇచ్చేదాన్ని. మందుల పేర్ల కింద ఇంకా ఏముందో చూసేదాన్ని కాదు. కౌంటర్‌లో అట్లా అలవాటైపోయింది. వెనక పదిమంది నిలబడి ఉంటే కింద రాసిన నీతులన్నీ ఎవరు చదువుతారు?

పోయినేడాది ఉగాది దాటాక ఒకరోజు అక్క బట్టలుతికే బండ దగ్గర నుంచి పిలిచింది.

"పింకీ, జర ఇటు రా. లొల్లి చేయకు."

లంగా మీద మరక. ఎర్రగా, రూపాయి బిళ్ళంత. అక్కకు ముట్లుడిగి అప్పటికి మూడేళ్ళు.

నేను నవ్వాను. దేవుడి మీద ఒట్టు, నవ్వాను. "మళ్ల వయసుకొస్తున్నవా ఏంది అక్కా? బావకు చెప్పాల్నా?"

"సిగ్గులేని ముండా," అని భుజం మీద ఒక్కటేసింది. తనూ నవ్వింది. "అప్పుడు ఆపరేషన్‌కు పుల్ల లెక్క అయిన గద. ఇప్పుడు జర కండ వట్టిన. ఒంట్ల నెత్తురు ఊరినట్టున్నది."

"అవునక్కా, గంతే," అన్నాను.

పద్నాలుగేళ్ళు మందుల మధ్య నిలబడ్డదాన్ని నేను అన్నమాట అది.

మే నెలలో అయిదేళ్ళ చెకప్. పేగు లోపల కెమెరా పెట్టి చూశారు, రక్తం తీశారు. ఆపరేషన్ చేసిన పెద్ద డాక్టరు కాగితాలన్నీ తిప్పి కళ్ళజోడు తీశాడు. "అమ్మా, అయిదేళ్ళు దాటించావు. పాత జబ్బు ఆనవాలు ఎక్కడా లేదు. ఇక ఏడాదికోసారి వస్తే చాలు," అన్నాడు. అక్క ఆయన కాళ్ళకు మొక్కబోతే వద్దని లేచి నిలబడ్డాడు. ఆ మరక సంగతి చెప్పమని నేను మోచేత్తో పొడిచాను. అక్క నా తొడ మీద గిల్లింది.

మెట్లు దిగుతుంటే తిట్టింది. "తెలివి ఉన్నదా నీకు? ఆయన పేగుల డాక్టరు. మొగాయన. గాయనకు గిది చెప్తరా ఎవరన్న?"

నిజమే అనిపించింది. పేగులకు ఒక డాక్టరు, గుండెకు ఒక డాక్టరు, మరకకు డాక్టరెందుకు, ఆడవాళ్ళకు మామూలేగా. హాస్టల్ పిల్లలందరికీ అక్క ఆ రోజు సేమ్యా పాయసం చేసిపెట్టింది.

ఆషాఢం వచ్చేసరికి మరక రోజూ కనిపించసాగింది. బోనాలకు ఇంకా పదిరోజులు. అక్క మొహంలో కళ పోయింది. జబ్బు భయం కాదు, అది పోయిందని పెద్ద డాక్టరే చెప్పాడు. భయమల్లా బోనం గురించి.

"గీ ఒక్కటే మిగిలింది పింకీ. ఐదోది. గిదయితే మొక్కు తీరుతది. ముట్టుతోని ఎట్ల ఎత్తుకుంట? మీ దుకాణంల గా గోలీలుంటయి గద, ఆపేటియి. అవి తే."

ఉంటాయి. శ్రావణం, ఆషాఢం వస్తే మా షాపులో ఆ మాత్రలు పిప్పరమెంట్ల మాదిరి పోతాయి. పెళ్ళని ఒకరు, వ్రతమని ఒకరు, తిరుపతి టికెట్టు దొరికిందని ఒకరు. చీటీ ఎవరూ తేరు, మేమూ అడగం. వయసు ఎంతని అసలే అడగం. అక్కకు యాభై నాలుగు. తెచ్చి ఇచ్చాను.

మూడోరోజుకు మరక ఆగింది. అక్క గోడ మీది ఎల్లమ్మ పటానికి దండం పెట్టుకుంది. నేను మనసులో నా మాత్రకు పెట్టుకున్నాను.

ఐదో బోనం చక్కగా జరిగింది. కుండకు పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, నేనే ఎత్తి నెత్తిన పెట్టాను. గుడి దాకా క్యూలో నిలబడినంతసేపూ అక్క ఏడుస్తూనే ఉంది. అయిపోయింది పింకీ, అయిపోయింది అంటూ.

మాత్రలు ఆపిన రెండు రోజులకు గడ్డలు గడ్డలుగా పడింది. "గోలీ ఆపితే వస్తది అక్కా, అందరికి వస్తది," అన్నాను. ముప్పై ఏళ్ళ మనిషికి అది నిజం. ఆ తర్వాత శ్రావణ శుక్రవారానికి ఒక మాత్రల పట్టీ. వినాయక చవితికి ఒకటి. నిలబడి డెబ్బై మందికి వండలేకపోతున్నానంటే ఇంకొకటి. మొత్తం నాలుగుసార్లు ఇచ్చాను. ఇచ్చిన ప్రతిసారీ ఆగింది. ఆగినందుకు ఇద్దరం సంతోషపడ్డాం. లోపల ఏదో పెరుగుతుంటే దాని నోరు నొక్కిపెట్టి మరీ పెంచాం.

బతుకమ్మ రెండో రోజున అక్క హాస్టల్ వంటగదిలో పెనం ముందు కుప్పకూలింది. పిల్లలే ఆటోలో వేసుకుని పంజాగుట్ట తీసుకుపోయారు. ఒంట్లో ఉండాల్సిన రక్తంలో సగం కూడా లేదన్నారు. ఈసారి ఆడవాళ్ళ డాక్టరు చూసింది. సన్నటి మనిషి, గొంతు మాత్రం గట్టిది.

"ఎన్నాళ్ళ నుంచి రక్తం పోతోందమ్మా?"

అక్క నా వైపు చూడలేదు. "నెల దినాలయితుంది మేడం."

"ఆగడానికి మాత్రలేమైనా వాడావా?"

"లేదు మేడం."

మేడం 'ఒక నెల' అని రాసుకుంది. పక్కన రవళి, సాయిలు బావ. నేను గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాను. నోరు తెరిస్తే రెండే మాటలు. తెరవలేదు. అక్క నన్ను కాపాడుతోందని తెలుసు, ఆ కాపాడటం నాకు కావలసి వచ్చింది. అంత పిరికిదాన్నని నాకు అప్పటిదాకా తెలియదు.

ముక్క తీసి పరీక్షకు పంపారు. పదిరోజులకు మేడం మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. గర్భసంచిలో క్యాన్సర్. పొత్తికడుపులోని లింఫు గ్రంథులకు కూడా పాకింది.

సాయిలు బావకు అర్థం కాలేదు. "అయిదేండ్లు దాటినయి, పోయింది అన్నరు గద మేడం?"

"అది పేగుది. అది నిజంగానే పోయింది. ఇది దాని నుంచి పాకింది కాదు, కొత్తది. దానంతట అది పుట్టింది. కొన్ని కుటుంబాల్లో రక్తంలోనే ఒక లోపం వస్తుంది. పేగులో వచ్చిన ఆడవాళ్ళకు గర్భసంచిలో కూడా రావచ్చు." అక్క వైపు తిరిగింది. "మీ అమ్మ ఎట్లా పోయింది?"

"కడుపుల గడ్డతోని అన్నరు. నేను చిన్నదాన్ని."

మేడం తల ఊపి, నీలం ఫైలు తెరిచింది. అయిదేళ్ళ కిందటి డిశ్చార్జి కాగితం తీసి, వేలితో ఒక చోట కొట్టింది. మందుల పేర్ల కింద, ఆఖరి లైను. 'ప్రతి ఏడాదీ తప్పనిసరిగా స్త్రీల వైద్యుల చేత పరీక్ష చేయించుకోవాలి.' ఇంగ్లీషులో ఉంది.

"ఇది మీ ఇంట్లో ఎవరూ చదవలేదా?"

ముగ్గురూ నా వైపు చూశారు. చదివేది నేనే కదా.

"డాక్టరుగారి చేతిరాత సమజ్ కాలేదు మేడం," అన్నాను.

మేడం కాగితం నా ముందుకు జరిపింది. అది చేతిరాత కాదు. కంప్యూటర్‌లో కొట్టింది, చిన్నపిల్లలు కూడా చదవగలిగేంత శుభ్రంగా.

అక్క రక్తం ఆ లోపం పరీక్షకు పంపి, రవళి కూడా ఆ పరీక్ష చేయించుకోవాలని మేడం ఆ రోజే చెప్పింది. రవళికి ఇరవై ఎనిమిది. "ముందు అమ్మను చూస్కోనీయుండ్రి," అంది. ఆ మాట పట్టుకుని ఎనిమిది నెలలు గడిపింది. మేమెవ్వరం గట్టిగా అడగలేదు.

ఆపరేషన్ అయింది, కీమో అయింది. జుట్టు పోయింది, మళ్ళీ పత్తి మాదిరి వచ్చింది. ఈ ఎండాకాలంలో ఊపిరితిత్తుల్లో కనిపించింది. ఇక మందులు నొప్పికి మాత్రమే అన్నారు. అక్క కింద గదిలో కిటికీ పక్క మంచం మీద ఉంటుంది. పొద్దున షాపుకు పోయేముందు నేను ఆమెకు జావ తాగిస్తాను. ఒకరోజు చెంచా పక్కకు నెట్టింది.

"ఐదోది లెక్కల వడలే పింకీ."

"ఏంది అక్కా?"

"గోలీలు మింగి నెత్తురు దాచివెట్టి ఎత్తుకున్న. అమ్మను మోసం చేసిన. అందుకే ఇట్ల చేసింది."

'కాదక్కా, అమ్మవారు కాదు, నేను' అనాలి. ఆ పట్టీలు తెచ్చింది నేను, ఆ లైను వదిలేసింది నేను. అనలేక జావ చల్లారిందని గిన్నె తీసుకుని లేచాను. ఇన్ని నెలల్లో ఆమె ఒక్కసారి కూడా, ఏ ఒక్కరి దగ్గరా, మాత్రలు పింకీ తెచ్చిందని చెప్పలేదు. తిట్టినా బాగుండేది.

ఈ ఆషాఢంలో, బోనాలకు పదిరోజులుందనగా, మధ్యాహ్నం రవళి షాపుకు వచ్చింది. మెడలో ఇన్‌స్టిట్యూట్ ట్యాగు అట్లాగే ఉంది.

"చిన్నమ్మా, అమ్మ ఒక్కటే మాట వట్టుకున్నది, ఐదోది కాలేదు కాలేదని. ఎందుకో చెప్తలేదు. నేను ఎత్తుకుంట అన్న. జర సంతోషపడ్డది. కానీ గా ఆదివారమే నాకు డేట్ ఉంది. గోలీలు ఇయ్యి."

నా చెయ్యి దానంతట అదే వెనక అరలోకి పోయింది. పట్టీ వేళ్ళకు తగిలింది కూడా. పట్టీ అక్కడే వదిలేసి చెయ్యి వెనక్కి లాక్కున్నాను. మా ఓనరు సత్యరాజు గారు "ఏంటి పింకీ, ఒంట్లో బాలేదా?" అంటున్నారు. కౌంటర్ చెక్క ఎత్తి బయటికి వచ్చి, రవళిని చెయ్యి పట్టుకుని మెట్రో స్తంభం పక్కకు తీసుకుపోయాను. మొత్తం చెప్పాను. ఉగాది తర్వాతి మరక, నా నవ్వు, నాలుగు పట్టీలు, నెల కాదు ఆరు నెలలు.

 కోచింగ్ సెంటర్ల కరపత్రాలు పంచేవాడు రవళి చేతిలో ఒకటి పెట్టిపోతే దాన్ని మడతలు పెడుతూ నిలబడింది.

"ఎరుకుండి ఇచ్చినవా?"

"ఎరుక లేకనే బిడ్డా. అమ్మతోడు."

"పద్నాలుగేండ్ల సంది గిదే గద చిన్నమ్మా నీ పని."

 "నువ్వు పరీక్షకు రక్తం ఇచ్చిరా రవళీ. నీ కాల్మొక్త. ఇంక ఆలస్యం చేయకు," అన్నాను.

"నువ్వు చెప్పాల్నా నాకు?" అని కాగితం కింద పడేసి పోయింది. రెండు రోజులకు సాయిలు బావ చెప్పాడు, పంజాగుట్ట పోయి రక్తం ఇచ్చి వచ్చిందని. నాతో మాత్రం మాట మానేసింది.

బోనాల ఆదివారం పొద్దున్నే ఆమెకు ముట్టు వచ్చింది. నేను జావ గిన్నెతో గుమ్మంలో ఉన్నాను. రవళి తల్లి మంచం పక్కన నిలబడి దాచకుండా చెప్పేసింది. "అమ్మా, నాకు వచ్చింది. చిన్నమ్మ గోలీల సంగతంత చెప్పింది. నేను మింగలే. ఏం చేయమంటవో చెప్పు."

అక్క నన్ను చూసింది. చెప్పేశావా అన్నట్టు. తర్వాత కూతుర్ని చూసింది. ఊపిరి అందక ఆగి ఆగి మాట్లాడింది.

"ఎత్తుకో బిడ్డా. నేను దాచి ఎత్తుకున్న. నువ్వు చెప్పి ఎత్తుకో. ఎల్లమ్మ సుత ఆడదే గద."

సాయిలు బావ ఏదో గొణిగాడు. అక్క చెయ్యి ఎత్తేసరికి ఊరుకున్నాడు.

వాకిట్లో బోనం సిద్ధంగా ఉంది. ఎప్పటిలాగే ఎత్తడానికి వంగాను.

"నువ్వు చెయ్యి వెట్టకు," అంది రవళి.

సాయిలు బావ ఎత్తాడు. అలవాటు లేని చేతులు, కుండ పక్కకు ఒరిగి వేపమండలు జారిపడ్డాయి. రవళి మెడ బిగించి నిలబెట్టుకుంది. వాళ్ళు గల్లీ మలుపు తిరిగేదాకా చూసి, కిందపడ్డ మండలు ఏరి అక్క తలగడ పక్కన పెట్టాను. అక్క కళ్ళు మూసుకునే అంది. "నువ్వు తేకపోతే నేనే ఇంకో దుకాణంల కొనుక్కుందు పింకీ. ఏడ్వకు." నాకు ఇంకా ఏడుపొచ్చింది.

పన్నెండు రోజుల తర్వాత రవళి మెట్లెక్కి పైకి వచ్చింది. గుమ్మం దాటలేదు.

"రేపు రిపోర్ట్ ఇస్తరట. నువ్వు రావాలె."

మేడం గదిలోకి పోగానే, ఎవరూ అడక్కముందే, నెల కాదు మేడం ఆరునెలలు, మాత్రలు నేనే ఇచ్చాను అని చెప్పాను.  మేడం నీలం ఫైలు తెప్పించి, పాత మాట కొట్టేసి కొత్తది రాసింది.  రవళి రిపోర్టు గురించి ఆమె చెబుతుంటే నేను రవళి వైపే చూశాను. ఆ మొహం చూసే గ్రహించాను.

బయట వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. రవళి కవరులోంచి కాగితాలు తీసి నా ఒళ్ళో పెట్టింది. నాలుగు పేజీలు.

"చదువు చిన్నమ్మా."

"మేడం చెప్పింది గద బిడ్డా..."

"నువ్వు చదువు. మందుల పేర్లు కాదు. మొత్తం."

ఇంతలో ఆమె ఫోన్ మోగింది. తెరమీద 'అమ్మ'. ఇంటి దగ్గర అక్క ఫోన్ పట్టుకుని పొద్దుటి నుంచి ఇదే పనిలో ఉంటుంది. రవళి ఎత్తలేదు. ఫోన్ మోగుతూనే ఉంది. నేను మొదటి పేజీ పైనుంచి మొదలుపెట్టాను. పేరు, వయసు ఇరవై ఎనిమిది, తల్లికి పేగు, తల్లికి గర్భసంచి. నోరు తిరగని ఇంగ్లీషు మాటలు అక్షరం అక్షరం కూడబలుక్కున్నాను. రెండో పేజీలో, నల్లటి గీతల పెట్టెలో ఉంది. తల్లిలో ఉన్న లోపమే కూతురిలోనూ ఉంది. అక్కడ ఆపి కాగితాలు మూయబోయాను. రవళి ఆగనివ్వలేదు, పేజీ తిప్పింది. మూడోది చదివాను. నాలుగోది చదివాను. మందుల పేర్లు ఎక్కడా లేవు. అన్నింటికన్నా అడుగున ఒకే లైను.

"ప్రతి ఏడాదీ తప్పనిసరిగా స్త్రీల వైద్యుల చేత పరీక్ష చేయించుకోవాలి."

"మళ్ల చదువు," అంది రవళి.

మళ్ళీ చదివాను.